న్యూకాసిల్‌కి వెచ్చగా

శనివారం పొద్దున్న టీ తాగుతూ లోగన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భోజనంలోపు వ్యాన్‌లో హీటర్ బాగుచేయాలి, తిన్నాక ఓ కునుకు తీయాలి. మర్నాడు తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ న్యూకాసిల్‌లో బావమరిది కూతురు యషికా పెళ్ళికి బయలుదేరాలి. జూలై నెల, దక్షిణాఫ్రికాలో నడి చలికాలం. డర్బన్‌లో ఓ స్వెట్టర్ తగిలించుకుంటే చాలుగాని, పైన న్యూకాసిల్‌లో తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

హీటర్ కోసం పట్టుబట్టింది అత్తగారు పుష్పం. ఉంజింటో చెరుకు తోటల్లో పుట్టి పెరిగి, ఇప్పుడు డర్బన్‌లోని ఆషర్‌విల్‌లో కూతురు ఇవోన్, అల్లుడు లోగన్ దగ్గర ఉంటోంది. ఆ కుటుంబంలో అందరూ ఎప్పుడో ఇంగ్లీషులోకి జారిపోయారు. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాడే తెలుగు పాట మాత్రం ఆవిడ నోట మిగిలింది. ఆవిడ రాకపోతే పెళ్ళిలో పాట లేనట్టే.

"ఆ డబ్బాలో నాను రాను అల్లుడా. మోకాళ్ళు బిగుసుకుపోతాయి," అంది పుష్పం వారం రోజులుగా అంటున్న మాటే.

"హీటర్ ఉంది గదా అత్తా."

"అది హీటరా? ముసిలోడు టీ సల్లార్సుకున్నట్టు ఊదతాది."

అందులో అబద్ధమేమీ లేదు. లోగన్ బళ్ళో జాగ్రఫీ పంతులు. అయినా వ్యాన్ పాతదైనకొద్దీ ఆయన సగం మెకానిక్ అయ్యాడు. ఇంజన్ వేడెక్కనిచ్చి చూశాడు. ఫ్యాన్ గాలి బాగానే తోలుతోంది, గాలే గోరువెచ్చగా ఉంది. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గాయని పోశాడు. ముందువైపు కాస్త నయమైంది. వెనక సీట్ల కింద ఉన్న రెండో హీటర్ మాత్రం ఉలకలేదు. దానికి నీళ్ళు తీసుకెళ్ళే గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంది, తిరిగి తెచ్చే గొట్టం చల్లగా ఉంది. అంటే వేడినీళ్ళు మధ్యలో ఎక్కడో ఆగిపోతున్నాయి. అక్కడికి చెయ్యి దూరాలంటే సీట్లు తీయాల్సిందే. వాటన్నిటినీ విప్పి, గేటు పక్కన గడ్డి మీద వరసగా పెట్టి, చుట్టిన కార్పెట్ వాటిమీద పడేశాడు.

పక్కింటి బేసిల్ రిటైరైన పోస్ట్‌మన్. ఉత్తరాలు పంచడం మానేశాడుగాని వార్తలు పంచడం మానలేదు. గేటు దగ్గర ఆగి ఆ సామానంతా చూశాడు.

"ఏంటి లోగన్, అంతా బైట పెట్టేసినావు?"

లోగన్ తల వ్యాన్ లోపల ఎక్కడో ఉంది. పళ్ళ మధ్య టార్చిలైటు ఉంది. "న్యూకాసిల్ పోతున్నాం," అన్నాడు.

బేసిల్ కూతురు మార్చిలోనే మొగుడితో ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. అక్కడ వాళ్ళుండే ఊరి పేరూ న్యూకాసిలే. అప్పట్నుంచీ బేసిల్‌కి భూమ్మీద న్యూకాసిల్ అంటే అదొక్కటే.

"అందరూనా? అవ్వ కూడానా?"

"ఆవిడ కోసమేగా ఈ తంటా అంతా."

"ఎప్పుడు?"

"రేపే."

బేసిల్‌కి కళ్ళు చెమర్చాయి. దేశంలో అన్ని రంగులవాళ్ళకీ ఓటు వచ్చి కొత్త జెండా ఎగిరిన మరుసటి ఏడాది అది. ఎవరింటి ముందు సామాను కనబడినా వీళ్ళూ దేశం వదిలిపోతున్నారేమోనని గుండెల్లో రాయి పడే రోజులు. పైగా, ఎండలో నిలబడి ఓటేసినవాళ్ళం ఇప్పుడు పారిపోతామా అని గుళ్ళో మైకు పట్టుకుని గర్జించింది ఈ లోగనే. బేసిల్ వెళ్ళిపోయాడు. అంటే వీధి చివరిదాకా వెళ్ళాడు, ప్రతి గేటు దగ్గరా ఆగుతూ.

లోగన్ మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం తెచ్చి హీటర్‌లోకి నీళ్ళు కొట్టాడు. తుప్పు, బురద కలిసి చిక్కటి టీలా బయటికొచ్చింది. అదంతా కడిగి తల ఎత్తేసరికి గడ్డి మీద సీట్లు లేవు. వాన పడుతుందేమోనని ఇవోన్ లోపల పెట్టించి ఉంటుందనుకున్నాడు. ఇవోన్ వంటింట్లో ఫోన్లకి జవాబు చెబుతోంది. "వంట మేం తెస్తాం, నువ్వు ఈవేళ పొయ్యి వెలిగించకు," అంటున్నారు ఒకరి తర్వాత ఒకరు. పెళ్ళి ప్రయాణానికి వీధి వీధంతా ఇంత సాయానికి రావడం చూసి ఆవిడ పొంగిపోయింది.

అన్నీ బిగించి నీళ్ళు నింపినా వెనక హీటర్ చల్లగానే ఉంది. గొట్టాల్లో గాలి చిక్కుకుందని లోగన్‌కి అర్థమైంది. వ్యాన్‌ని గేటు దగ్గర ఎగువకి, ముక్కు ఆకాశం వైపు వచ్చేలా నిలబెట్టాడు. ఇంజన్ ఆన్ చేసి, హీటర్ పూర్తిగా తిప్పి, రేడియేటర్ మూత తీసి, బుడగలు పైకి వచ్చేలా గొట్టం పిసుకుతూ కూర్చున్నాడు. అప్పుడే బిర్యానీ గిన్నెలతో జనం గేటులోకి వచ్చారు. ముందు గుడి కార్యదర్శి మెర్విన్, చేతిలో శాలువాతో. వెనకాల బేసిల్, ముక్కు తుడుచుకుంటూ.

మెర్విన్ గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. ఇంజన్ రొదలో లోగన్‌కి "తీరని లోటు" అన్నది ఒక్కటే వినబడింది. ఆయన కంగారుపడి లేచాడు.

"ఎవరు పోయారు?"

"నువ్వే," అన్నాడు మెర్విన్. "పోతూ పోతూ గేటు పక్కన సీట్లు గుడికి వదిలేశావు, ఎంత పెద్ద మనసయ్యా. హాల్లో నేలకి బోల్టులు కూడా వేసేశాం."

లోగన్ గొట్టం వదల్లేదు. "నేను పోయేది పెళ్ళికి. ఇక్కడే, లేడీస్మిత్ దాటాక వచ్చే మన న్యూకాసిల్‌కి."

జనమంతా బేసిల్ వైపు తిరిగారు. "ఆ ఊరొకటుంది గదా," అన్నాడు బేసిల్ నెమ్మదిగా.

ఆ క్షణానే రేడియేటర్‌లోంచి పెద్ద బుడగ గుడగుడమంటూ పైకొచ్చింది. వెనక నుంచి వేడి గాలి గుప్పుమని కొట్టింది. లోగన్ అత్తగారిని కేకేశాడు. పుష్పం సీట్లు లేని వ్యాన్ ఎక్కి, బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని, గాలికి అరచెయ్యి పెట్టింది. జనం వ్యాన్ చుట్టూ మూగారు.

"ఏడిగానే ఉంది," అంది. "అయినా నాను రాను."

"మరింకేం కావాలి అత్తా?" అడిగాడు లోగన్.

ఆవిడ తల దించుకుంది. "పాట మరిసిపోయినానురా. మొదటి ముక్క ఒస్తాది. తరవాతంతా ఖాళీ. పెళ్ళి పందిట్లో నోరు తెరిసి నిలబడమంటావా?"

వారం రోజులుగా తప్పంతా హీటర్ మీద వేసింది ఇందుకన్నమాట. అంతలో గుంపులోంచి మెర్విన్ తల్లి గిన్నె కింద పెట్టి వ్యాన్ దగ్గరికొచ్చింది.

"చెరుకు తోట దాటి వచ్చె పెళ్ళికూతురు అన్నదేనా?"

"అదే. ఆ తరవాత?"

"చేతి నిండ పసుపు తెచ్చె పెళ్ళికూతురు."

"పసుపు గాదే. పారాణి," అంది పుష్పం చటుక్కున.

"మా అమ్మ పసుపనే పాడింది."

"మీ అమ్మ తప్పు పాడింది."

తగువు తీర్చడానికి ఇంకో ముసలామె ఎక్కింది. ఆవిడకి మూడో చరణం తెలుసు. నాలుగోది తెలిసినావిడని ఎదురింటి నుంచి పిలిపించారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క దొరికింది. బిర్యానీ చల్లారేలోపు పాట మొత్తం నిలబడింది. పుష్పం ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగింది. మెర్విన్ తెచ్చిన శాలువా వృథా కాకూడదని ఆవిడకే కప్పాడు. సాయంత్రం గుళ్ళో బోల్టులు విప్పి సీట్లు వెనక్కి తెచ్చింది బేసిలే.

మర్నాడు పాటలో ముక్క తెలిసిన ఆడవాళ్ళంతా కిక్కిరిసి వ్యాన్ ఎక్కేశారు. పసుపా పారాణా అన్నది తేలేదాకా దిగేది లేదన్నారు.

బయట గడ్డి మీద మంచు మెరుస్తుండగా, లోగన్ హీటర్ కట్టేసి, కిటికీలన్నీ దించి, చెమట తుడుచుకుంటూ న్యూకాసిల్ చేరాడు.