లగేజీలో వచ్చిన ఉగాండా పిట్ట

“గోపాల్! ఈ న్యూజెర్సీలో ఇంకా దొరకని నేరస్థులు రెండే రకాలు. నేను వెతకడం మొదలుపెట్టనివాళ్ళు, నేనున్నానని తెలిసి వేరే స్టేట్‌కి పారిపోయినవాళ్ళు!”

శనివారం పొద్దున్నే ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ గుమ్మంలో నిలబడి ఈ ప్రకటన చేసినవాడు నా స్నేహితుడు రాధాకృష్ణ. ఎండ మాడ్చేస్తుంటే రెయిన్‌కోటు తొడుక్కొచ్చాడు. మెడలో భూతద్దం. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్, వీకెండ్ వస్తే డిటెక్టివ్. ఎడిసన్ ఊళ్ళో ఓ హోటల్లో మాయమైన బిర్యానీ ట్రే కేసులో వంటవాణ్ణి, ఓనర్ని, తింటున్న కస్టమర్లని వరుసగా అనుమానించి, ఆ ట్రే మీద తనే కూర్చున్నానని ఆఖర్న కనిపెట్టిన ఘనుడు. ఇంటికి దింపింది నేనే కాబట్టి నా కారు సీటు ఈరోజుకీ మసాలా వాసనే.

“ఎవరు పిలిచార్రా నిన్ను?” అన్నాను.

“నీ పైఅంతస్తు దైవాశీర్వాదం గారు. అంతర్జాతీయ పక్షుల స్మగ్లింగ్! పద!”

దైవాశీర్వాదం గారు మందుల కంపెనీలో సైంటిస్టు. భీమవరం మనిషి, పిట్టలంటే ప్రాణం. భార్య లూసీ గారితో కలిసి ఉగాండాలో పక్షులు చూసే హాలిడేకి వెళ్ళి మొన్నే తిరిగొచ్చారు. తలుపు తీసిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

“రండి బ్రదర్. ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి.”

విన్నాం. లోపలెక్కడో ‘టింక్’ మంది. కాసేపాగి మళ్ళీ ‘టింక్’.

“టింకర్‌బర్డ్!” అన్నారాయన గుసగుసగా. “గుప్పెట్లో పట్టేంత పిట్ట. కంసాలి సుత్తితో కొట్టినట్టు ఒకటే కూత. ఉగాండాలో రోజూ విన్నాను. మా సూట్‌కేసులో దూరి వచ్చేసినట్టుంది. ఇల్లంతా వెతికాం, కనపడదు. వంటింట్లో వింటే హాల్లో ఉన్నట్టుంటుంది, హాల్లో వింటే వంటింట్లో ఉన్నట్టుంటుంది.”

“దాందేముందండీ, కిటికీ తీస్తే పోతుంది,” అన్నాను.

“శుక్రవారం నా సిటిజన్‌షిప్ ప్రమాణం గోపాల్ గారూ! కస్టమ్స్ వాళ్ళకి జంతువులేవీ తేలేదని చెప్పి వచ్చాం. ఇప్పుడు పక్కింటావిడ పిట్ట గోల అని కంప్లయింట్ చేసింది. అపార్ట్‌మెంట్ మేనేజర్ డయాన్ కాసేపట్లో తనిఖీకి వస్తోంది. దొరికితే అబద్ధమాడినట్టేగా? ఇన్నేళ్ళ ఎదురుచూపు ఓ పిట్ట నోట్లో పోయడమేనా?”

ఆ పెద్దాయన రెండు చేతులూ జోడించారు. నాకు నిజంగా జాలేసింది.

“భయపడకండి. నేనున్నాను,” అన్నాడు రాధాకృష్ణ. నాకు భయం రెట్టింపయింది.

పరిశోధన హాల్లోని సూట్‌కేసుల దగ్గర మొదలైంది. రాధాకృష్ణ భూతద్దం పెట్టి చూసి కెవ్వుమన్నాడు. “ఎర్ర రిబ్బన్! ముఠా సంకేతం! ఎవరు కట్టారిది?”

“నేనే కట్టాను తమ్ముడూ,” అన్నారు లూసీ గారు. “ఎయిర్‌పోర్ట్‌లో అన్నీ నల్లపెట్టెలే వస్తాయిగా. మనది తెలియొద్దా?”

“అలాగే చెప్తారు. మరి ఈ ఎర్రపొడి ఏమిటి? రసాయనమా?” అంటూ జిప్‌లాక్ కవర్లో ముక్కు పెట్టి గాఢంగా పీల్చాడు. మరుక్షణం డిటెక్టివ్ తుమ్ములు బిల్డింగంతా వినిపించాయి.

“కారప్పొడి బ్రదర్,” అన్నారు దైవాశీర్వాదం గారు, అతని వీపు నిమురుతూ. “అక్కడ తిండి ఎలా ఉంటుందోనని బయల్దేరే ముందు లూసీ మిరపకాయలు వేయించి మరీ కొట్టింది. ఇల్లంతా పొగే.”

“మిరపకాయలు కేసుకి అనవసరం!” అన్నాడు రాధాకృష్ణ కళ్ళు తుడుచుకుంటూ.

‘టింక్.’

నేను దైవాశీర్వాదం గారి వంక చూశాను. ఆయన భయపడుతూనే చిన్నగా నవ్వుతున్నారు. “నేనూ ఒక్కోసారి ‘టింక్’ అంటానండీ. కాసేపటికి బదులిస్తుంది. ఎంత దూరం వచ్చిందో పాపం, నా వెనకాలే!”

“సెంటిమెంట్ వద్దు!” అన్నాడు రాధాకృష్ణ. “ఎర వేద్దాం. అదేం తింటుంది?”

“పళ్ళు, పురుగులు.”

“ఇంట్లో ఉన్నాయా?”

“పళ్ళు అయిపోయాయి,” అన్నారు లూసీ గారు. “పురుగులు మా ఇంట్లో ఉండవు.”

“అయితే వేరుశెనగలు! ఆఫ్రికాలో విపరీతంగా పండుతాయి. వేగుతుంటే ఆ వాసనకి దానికి సొంతూరు గుర్తొస్తుంది. ఏడుస్తూ బయటికొస్తుంది. అదీ నేరస్థుల మనస్తత్వం! ఎవరూ వంటింట్లోకి రాకండి.”

రాలేదు. అదే మేం చేసిన తప్పు. రాధాకృష్ణ పొయ్యి మీద వేరుశెనగలు పెట్టి, పిట్ట మీద ధ్యాసలో ఆ సంగతే మర్చిపోయి, భూతద్దంతో ఫ్రిజ్ వెనక వెతుకుతూ కూర్చున్నాడు. మాడు వాసనకి నేను పరిగెత్తేసరికి లూసీ గారి కొత్త నాన్‌స్టిక్ పాన్ నల్లగా బొగ్గయింది. వంటిల్లంతా పొగ.

“ఏంటా వాసన?” అని హాల్లోంచి లూసీ గారి కేక.

అంతర్జాతీయ ముఠాలకు జడవని రాధాకృష్ణ గజగజ వణికాడు. “గోపాల్, పాన్ దాచెయ్! ఆవిడ చూస్తే చంపేస్తుంది!”

“ఎక్కడ దాచను రా?”

అతనే ఓవెన్ తలుపు లాగాడు. మన ఇళ్ళలో ఓవెన్ అంటే ఏముంటుంది? మూకుళ్ళు, పెనాలు, పండక్కి తీసే పెద్ద గిన్నెలు. వాటి మధ్యలోకి పొగలు కక్కుతున్న పాన్ తోశాడు. మరుక్షణం లోపలినుంచి ‘బీప్! బీప్! బీప్!’ మని చెవులు చిల్లులు పడేలా అరుపు.

“పిట్టకి కోపమొచ్చింది!” అని రాధాకృష్ణ డైనింగ్ టేబుల్ ఎక్కేశాడు.

లూసీ గారు వచ్చి గిన్నెలు జరిపి, అడుగునున్న మూకుట్లోంచి తెల్లటి గుండ్రటి వస్తువు ఒకటి తీశారు. పొగ తగిలితే అరిచే స్మోక్ అలారం.

“ప్రభువా! కారప్పొడికి మిరపకాయలు వేయిస్తుంటే ఇది అరిచి చంపుతుందని నేనే సీలింగ్ నుంచి పీకి ఇందులో పడేశాను. మేం ఊళ్ళో లేనప్పుడు దీని బ్యాటరీ అయిపోవచ్చినట్టుంది, మార్చమని ‘టింక్’ మంటోంది!”

పొగ తగ్గాక అది అరుపు మాని, బుద్ధిగా ‘టింక్’ మంది.

అప్పుడే డోర్‌బెల్ మోగింది. మా పై ప్రాణాలు పైనే పోయాయి. టేబుల్ మీదే ఉన్నాడు కదా అని రాధాకృష్ణ చేతికే అలారం ఇచ్చాం. అతను దాన్ని సీలింగ్‌కి తగిలించి దూకడం, డయాన్ లోపలికి రావడం ఒకేసారి జరిగాయి.

“పిట్ట ఎక్కడ?” అందావిడ.

పైనుంచే జవాబొచ్చింది. ‘టింక్’ మంది.

డయాన్ తలెత్తి చూసింది. “ఓ, ఇదా! బ్యాటరీ మార్చుకోండి. ఏదో మాడినట్టుంది కూడా. అలారం దాని చోట ఉంది కాబట్టి సరిపోయింది. చాలామంది తీసేస్తుంటారు, ప్రమాదం.” లూసీ గారు ఎంతో భక్తిగా తలూపారు.

తలుపు పడగానే రాధాకృష్ణ రెయిన్‌కోటు దులుపుకున్నాడు. “నిందితుణ్ణి పొగబెట్టి పట్టడం నా పద్ధతి. ఆ పాన్ కావాలనే మాడ్చాను.”

“కావాలనే మాడ్చావా?” అన్నారు లూసీ గారు. పరిశోధకుడు మెట్లు దిగిన వేగం నేను ముందెన్నడూ చూడలేదు.

శుక్రవారం దైవాశీర్వాదం గారు చెయ్యెత్తి ప్రమాణం చేశారు. కొత్త అమెరికన్‌కి కేకు పట్టుకుని సాయంత్రం పైకి వెళ్ళాను. బాల్కనీలో ఒంటరిగా, దిగులుగా కూర్చున్నారు.

“సంతోషంగా లేరేంటండీ?”

“సంతోషమే గోపాల్ గారూ. కానీ బ్యాటరీ మార్చాక ఇల్లు బోసిపోయింది.” లోపల లూసీ గారికి వినపడకుండా నా చెవి దగ్గరికి వంగారు. “ఆ కొత్త బ్యాటరీ ఎన్నాళ్ళకి అయిపోతుందంటారు?”