దుప్పటి కింద గోంగూర

ఆ శనివారం పొద్దున్న లూసీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో పెంచిన గోంగూర నారును ఎవరి కంటా పడకుండా పెరట్లో నాటేయాలి. 2009 ఏప్రిల్, అమెరికాలోని ఎడిసన్‌లో వారం రోజులుగా ఎండ హాయిగా కాస్తోంది. జులైలో తెలుగు చర్చిలో ప్రథమ ఫలాల పండుగ. ఎవరి పెరటి తొలి కోత ముందుగా బల్ల మీదికి చేరితే వాళ్ల పేరు పాస్టరుగారు మైకులో చెబుతారు. మూడేళ్లుగా ఆ పేరు పక్కింటి అబిగేల్‌దే. ఈసారి తన పేరు వినిపించకపోతే లూసీకి అన్నం సహించదు.

"మే నెలలో మదర్స్ డే దాకా ఆగు లూసీ. రాత్రి మంచు గడ్డకట్టి ఫ్రాస్ట్ పడితే గోంగూర బతకదు" అని అబిగేల్ మొన్ననే చెప్పింది.

"నన్ను ఆపి తను ముందు నాటాలని చూస్తోంది" అంది లూసీ భర్తతో.

"ఆవిడకి అదే పనా?" అన్నాడు సుందర్ రాజ్ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"అదిగో, మీరే చూడండి."

కంచె అవతల అబిగేల్ నారు ట్రేలను ఎండలోకి మోసుకొస్తోంది. ఇంకేం సాక్ష్యం కావాలి? లూసీ ఆ గంటలోనే పార పట్టింది. సాయంత్రం ఆవిడ ఆ ట్రేలన్నీ మళ్లీ ఇంట్లోకి మోసుకుపోవడం మాత్రం లూసీ చూడలేదు. అప్పటికి నడుం పట్టేసి పడుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అబిగేల్ దగ్గరికొచ్చింది. "రేపు తెల్లవారుజామున ఫ్రాస్ట్ అంట. నీ మొక్కల మీద ఏదైనా కప్పు."

నాటిన సంగతి ఈవిడకెలా తెలిసింది? కంచె మీంచి కాపలా కాస్తోందన్నమాట.

"ఏ మొక్కలక్కా? నేనింకా నాటలేదుగా" అంది లూసీ, చర్చి మెట్ల మీదే.

అబద్ధమాడాక ఇక దుప్పటి కప్పేదెలా? కప్పితే కంచె అవతలికి కనబడిపోతుంది. ఫ్రాస్టూ లేదు, పాడూ లేదు, అంతా నాటకమని తనకు తనే సర్దిచెప్పుకుంది.

సోమవారం చీకటి వదలకముందే కిటికీలోంచి చూస్తే మడి మీద పూల దుప్పటి. అబిగేల్ ఇంటి దుప్పటే. లూసీ భర్తను తట్టి లేపింది.

"ఎండ తగలనివ్వకుండా చంపుతోందండీ నా మొక్కల్ని."

"ఇప్పుడు ఎండెక్కడుందే?" అన్నాడు సుందర్ రాజ్ ముసుగులోంచి.

వింటేగా. దుప్పటి లాగేసి చంకలో పెట్టుకొచ్చి, కాఫీ తాగుతూ, ఆవిడను కడిగేయడానికి మాటలు కూడబలుక్కుంది. ఈలోగా గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. పొద్దెక్కేసరికి గోంగూర ఉడకబెట్టినట్టు నల్లబడి వాలిపోయింది. లూసీకి ఏడుపు ఆగలేదు.

కంచె దగ్గరికి అబిగేల్ వచ్చింది, చేతిలో ఒక ట్రే. మడి వైపు చూసింది.

"నువ్వు నాటలేదన్నావుగా, ఉత్త మట్టికే కప్పాను. పోనీలే. నా నారు ఇంకా నాటలేదు. పగలు బయట పెట్టి గాలికి అలవాటు చేసి, రాత్రి లోపలికి తెస్తున్నా. అందులో సగం ఇదిగో, నీకు. మదర్స్ డే అయ్యాక ఇద్దరం ఒకే రోజు నాటి, ఒకే కట్టగా బల్ల మీద పెడదాం. పాస్టరుగారిని నీ పేరే ముందు చదవమంటా."

లూసీకి సిగ్గుతో తల లేవలేదు. దుప్పటి మడతపెట్టి తిరిగిచ్చేసి, కళ్లు తుడుచుకుని, ట్రేని పసిపిల్లలా ఎత్తుకుని ఇంట్లోకి వచ్చింది. తలుపు వేశాక నారును ఒక్కో మొక్కే తిప్పి తిప్పి చూసి, భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, మంచి సగం తనే ఉంచుకుంది కదూ?"