మూడు పొరల మైకు

ఆ ఉదయం శౌరి పెట్టుకున్న పని చిన్నదే. నూజెండ్ల పంచాయతీకి బ్యాటరీతో నడిచే మైకు పెట్టె తయారుచేయాలి. వినుకొండలో రేడియోలు బాగుచేసే అతనికి, రాగిపూత వేసిన పల్చటి అట్ట మద్రాసు నుంచి అప్పుడే వచ్చింది. దాని మీద రాగి గీతలు మిగిల్చి సామాను అతికిస్తే తీగల గొడవ ఉండదు. ఎల్లుండి కొత్త రోడ్డు ప్రారంభోత్సవానికి కలెక్టరు వస్తున్నాడు.

పంచాయతీ ప్రెసిడెంటు గోపాలకృష్ణయ్య వచ్చి అట్టను వేళ్ళతో వంచి చూశాడు.

"ఏందిరా శౌరీ, అప్పడంలా ఉంది. కలెక్టరు గొంతుని ఇది మోస్తదా?"

"మోసేది కరెంటునేనయ్యా. ఈ సామానుకి ఈ మందం, ఒక్క పొర చాలు."

"పంచాయతీ పనంటే గట్టిగా ఉండాల. పావంగుళం మందం చెయ్యి. మూడు పొరలు వెయ్యి."

శౌరి కొట్టున్న గది ప్రెసిడెంటుదే. అందుకని చెప్పినట్టే అట్టలు అతికించాడు. ఆ మందానికి సామాను కాళ్ళు అవతలికి అందక తీగముక్కలు తగిలించాడు. మూడు పొరలు పేర్చేసరికి పెట్టె మూత పడలేదు. ప్రెసిడెంటు మూత మీద కాలేసి తొక్కిపట్టి మరలు బిగింపించాడు.

ప్రారంభోత్సవం రోజు సభ మొదలయ్యాక శౌరికి అనుమానం వచ్చింది. పైపొర ఒత్తిడికి స్విచ్చి లోపల నొక్కుకుపోయినట్టుంది.

"అయ్యా, ఆ స్విచ్చి..."

"దూరంగా నిలబడరా."

ఉపన్యాసం ముగించి ప్రెసిడెంటు స్విచ్చి కట్టేశాడు. మైకు ఆగలేదు. ఆయన పక్కనున్న ఉపాధ్యక్షుడి చెవిలో చెప్పిన మాట నాలుగు బాకాల్లోనూ వినిపించింది.

"బాలకోటయ్యా, కలెక్టర్ని తిన్నగా కారెక్కించాల. తొమ్మిదంగుళాల కంకరకి మూడే పోశాం. దిగి నడిస్తే బూటుకే తెలిసిపోద్ది."

"మూడెక్కడ మామా? చివరి ఫర్లాంగులో అదీ లేదుగా."

కలెక్టరు గడ్డపార తెప్పించమన్నాడు.

"మైకు చెడిపోయిందండీ, ఏదేదో వాగుతాంది. అంతా ఈ శౌరిగాడి పనే" అన్నాడు ప్రెసిడెంటు.

కలెక్టరు పిలవగానే శౌరి వెళ్ళి పెట్టె విప్పి చూపించాడు. కొట్టు పోయినట్టేననుకున్నాడు.

"ఈ మందం, ఈ పొరలు ఎవరు చెప్పారు?"

"ప్రెసిడెంటుగారేనండీ. నేనొద్దన్నాను."

"ఇలాంటివి ఇంకెన్ని చెయ్యగలవు?"

"చెడిపోయింది కదండీ ఇది."

"సరిగ్గా ఇలాగే చెడిపోవాలి. తాలూకాలో పంచాయతీకొకటి."

ఆ నెల నుంచి ఆ తాలూకా ప్రెసిడెంట్లు వేదికల మీద సైగలతోనే మాట్లాడుకున్నారు.