పసుపు పూసిన పరిశోధన

ఆ రోజు కాటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బెంగళూరులో మొదటి బస్సెక్కి పావగడలో దిగాలి, మంగళవాడలో మేనమామ గొర్రెల నుంచి రక్తం తీసుకోవాలి, సాయంత్రం బస్సుకే తిరిగిపోవాలి. ఆ రక్తంతో ఒక పేపరు, ఆ పేపరుతో ప్రమోషను.

కాటయ్య గొర్రెల రోగనిరోధక శాస్త్రంలో పరిశోధకుడు. పేపర్లు చాలానే రాశాడు గానీ, వాటిని ఉదహరించిన పాపాన ఎవరూ పోలేదు. ఏటా లైబ్రరీకి వచ్చే లావుపాటి సైటేషన్ల పుస్తకంలో అతని పేపర్ల కింద కనిపించే పేరు మళ్లీ అతనిదే. "నిన్ను నువ్వే తలచుకుంటే చాలదయ్యా, పదిమందీ తలచుకోవాలి" అని పెద్దసారు ఫైలు పక్కన పడేశాడు. తన వెనక చేరినవాళ్లు తనకు పైఅధికారులై కూర్చుంటే కాటయ్యకు కడుపు మండిపోయేది.

అందుకే వేసవిలో వచ్చి, మామ కదిరయ్య మందలో సగానికి అమ్మవారి జబ్బు రాకుండా తన టీకా వేశాడు. మిగతా సగానికి ఉత్త నీళ్లు. గుర్తు పెట్టడానికి తెచ్చిన రంగుసీసా బస్సు కుదుపులకు సంచిలోనే పగలడంతో, అత్త హొన్నూరమ్మను పసుపు అడిగి టీకా వేసినవాటి వీపులకు పూశాడు. "పసుపువాటిని అమ్మొద్దు, కొయ్యొద్దు మామా, నేనొచ్చేదాకా బాగా చూసుకో" అని మరీ మరీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చదువులేనివాళ్లకు శాస్త్రం చెప్పడం దండగని అతని నమ్మకం.

ఇప్పుడు ఊళ్లో అడుగు పెట్టేసరికి తప్పెట్లు, మసాలా వాసన. దొడ్డి మాత్రం ఖాళీ.

"నీ మొక్కు తీరిపోయిందప్పా. నువ్వీపొద్దు వస్తానని ఉత్తరం రాస్తివని పొద్దున్నే అన్నీ మారెమ్మకు ఇచ్చేసినాము" అన్నాడు కదిరయ్య.

"ఏం మొక్కు మామా?"

"పసుపు పూస్తివి, అమ్మొద్దు కొయ్యొద్దంటివి. మొక్కు గొర్రెలకు గాక ఇంక దేనికంటారప్పా ఆ మాట?"

ప్రమోషను రాని అల్లుడు ఇన్ని గొర్రెలు మొక్కుకున్నాడంటే, వచ్చేది కలెక్టరు కొలువేనని ఊరు అప్పుడే తేల్చుకుంది. అడగకుండా తమ గొర్రెలనే మొక్కుకున్నాడని హొన్నూరమ్మకు ఒళ్లు మండినా, దేవత సొత్తును కాదనలేక శుక్రవారం శుక్రవారం పసుపు మళ్లీ పూసింది. వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలోనే మాడింది. అయినా జనం తమ ఎద్దుల నోటి ముందరి ఎండుమేత, పాత శనగకట్టె తెచ్చి మొక్కు గొర్రెలకు వేశారు. పక్కూరు రాయచెర్లు నుంచి కూడా వచ్చి వానకోసం వాటికి దండం పెట్టుకుని పోయారు.

"తక్కినవి?" అన్నాడు కాటయ్య.

"కట్టెంతా పసుపువాటికే ఏస్తిమి. తక్కినవి ఆకలికి పోయినాయి. ఒగటీ మిగల్లేదు" అంది హొన్నూరమ్మ.

కాటయ్యకు తిక్కరేగింది. తాను ఏ మొక్కూ మొక్కలేదని, సగానికి మందు, సగానికి నీళ్లు వేసి చూశానని అరిచాడు. తప్పెట్లు ఆగిపోయాయి. హొన్నూరమ్మ ఖాళీ దొడ్డి వైపు చెయ్యి చూపించింది.

"ఆ మాట అప్పుడే చెప్పింటే, అన్నిటికీ రొంత రొంత ఏసుకుంటాంటిమి కదప్పా."

చేసేదేమీ లేక కాటయ్య తన ప్రయోగాన్ని విస్తట్లో వడ్డించుకుని తిన్నాడు. ఏడుపొచ్చింది. మామ మంద కోసమో, తన పేపరు కోసమో అతనికే తేలలేదు.

బస్సు మధుగిరి దాటేసరికి ఆ ఏడుపు పోయి ఒక వాక్యం వచ్చింది: "టీకా వేసిన గొర్రెలన్నీ ప్రయోగం ముగిసేదాకా ఆరోగ్యంగా ఉన్నాయి, వేయనివన్నీ చనిపోయాయి." అందులో ఒక్క అబద్ధమూ లేదు. విదేశీ పత్రిక కళ్లకద్దుకుని అచ్చేసింది.

తర్వాత సైటేషన్లు వరదలా వచ్చాయి. దేశదేశాలవాళ్లు ఆ టీకా చేసి చూశారు. అది పనిచేయదనీ, ప్రయోగం ఎలా చేయకూడదో తెలియాలంటే కాటయ్యను చూడమనీ రాశారు. లైబ్రరీలో ఒక్కొక్కటీ చదివి కాటయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక ఉన్న ఉద్యోగమూ ఊడుతుందనుకున్నాడు.

ప్రమోషన్ల కమిటీ మాత్రం పేజీ తిప్పలేదు. సైటేషన్లు లెక్కపెట్టి, ఆ సంస్థలో ఇంతమంది తలచుకున్న శాస్త్రవేత్త ఇంకొకడు లేడని మెచ్చుకుని ప్రమోషను ఇచ్చింది.

మంద పోయిన కదిరయ్య దంపతులు అప్పటికే పావగడ రోడ్డు మీద కరువు పనికి కుదిరారు. అక్కడ కంకర కొడుతూ హొన్నూరమ్మ తలచుకున్నవి కూడా ఆ లెక్కలో కలిపి ఉంటే, కాటయ్య నేరుగా డైరెక్టరే అయ్యుండేవాడు.