వియ్యంకుడి గాలి మిషను

ఆ పొద్దున గోవిందమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మొగుడు మాధవయ్యతో కలిసి ఆళ్లగడ్డలో కారెక్కి, నంద్యాలకు పోయి, నెలలు నిండుతున్న కూతురు దీక్షితను కాన్పుకు పిలుచుకొని రావాలి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, అందులోనూ ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఉయ్యాలకు కొత్త తాళ్లు వేయించింది. పాత చీరలు ఉతికి మెత్తగా మడిచిపెట్టింది. బాలింత కారానికి శొంఠి, మిరియాలు ముందే తెప్పించి డబ్బాలకెత్తింది.

కారింకా రాకముందే ఫోనొచ్చింది. అవతల వియ్యంకుడు శేషయ్య.

"చెల్లెమ్మా, మీరు బయల్దేరొద్దండి. నేనే వస్తాండా. మీ ఇంట్లో గాలి చూసుకొని, బాగుంటేనే పిల్లను పంపిస్తా."

"గాలి చూసేదేందన్నా? గాలి కనపడుతుందా యాడన్నా?"

"దానికి మిషనుంది లేమ్మా," అని పెట్టేశాడు.

శేషయ్యకు నంద్యాలలో బట్టల అంగడి ఉంది. మొన్న వేసవిలో సాటి వ్యాపారులతో కలిసి సింగపూరు చూసొచ్చాడు. ఉన్నది నాలుగు రోజులే గానీ ఆ ఊరు ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు. చీర పరిచి చూపిస్తూ సింగపూరే, పెళ్లి పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నా సింగపూరే. అక్కడ రోడ్డు మీద అన్నం పెట్టుకొని తినొచ్చట. సిగరెట్టు ముక్క కింద పడేస్తే జరిమానా వేస్తారట. వస్తూ వస్తూ గాలిలో మురికిని కొలిచే తెల్లని డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. దాని మీద అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డదన్నమాట. అప్పటినుంచి ఎవరింటికి పోయినా కాఫీ కంటే ముందు డబ్బా తీసి బల్ల మీద పెడుతున్నాడు, ఏం మనిషో!

గోవిందమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఈ గాలి పీల్చే కదా నా బిడ్డ పెరిగింది! అప్పుడు లేని వంక ఇప్పుడొచ్చిందా? రానీ ఆ మనిషిని, ఇల్లు అద్దం మాదిరి పెడతా," అని కొంగు బిగించింది. అటక మీది బూజంతా దులిపింది. మాధవయ్య చేత పరుపులు నడింట్లోనే దబదబా కొట్టించింది. ఇంట్లో గాలి శుభ్రపడాలంటే ఏం చేయాలో ఆమెకు ఎవరో చెప్పాలా? తలుపులూ కిటికీలూ గట్టిగా మూసి, నిప్పుల మీద సాంబ్రాణి, ఎండిన వేపాకు వేసి, మూలమూలకూ ధూపం పట్టింది.

"ఏమే, యాడున్నావు? నాకేం కనపడ్డంల్యా," అన్నాడు మాధవయ్య పొగలోంచి.

"కనపడకపోతే ఏం? వాసన చూడు, గుడి మాదిరుంది."

శేషయ్య రానే వచ్చాడు. కుర్చీ తడుముకొని కూర్చొని, డబ్బా బల్ల మీద పెట్టాడు. అంకె అందరి కళ్ల ముందే గబగబా ఎక్కి మూడు వందలు దాటింది. డబ్బా ఎర్రగా వెలిగి కుయ్‌కుయ్‌మని మొత్తుకుంది.

"అయ్యయ్యో! సింగపూరులో అంకె యాభైకే జనం మొహం చిట్లిస్తారు తెలుసామ్మా?"

"ఉండన్నా, ధూపం చాలినట్టు లేదు," అని గోవిందమ్మ ఇంకో గుప్పెడు వేసింది. అంకె నాలుగు వందలయింది.

ఆ కుయ్‌కుయ్ విని పక్కింటి అనసూయమ్మ వచ్చింది. సంగతి తెలిసి బుగ్గలు నొక్కుకుంది. "గాలి బాగలేదని మన దీక్షితను పంపనంటాడా? ఎంత మాట!" ఇంకేముంది, వీధి వీధంతా కదిలింది. ఎవరింటి ధూపం వాళ్లు పట్టుకొని ఆడవాళ్లందరూ వరసగా లోపలికొచ్చారు. అప్పటికీ అంకె దిగకపోయేసరికి అనసూయమ్మ విషయం కనిపెట్టింది. "ఇది గాలి కాదు వదినా, దిష్టి." ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పెట్లో పట్టి, ఇల్లంతా తిప్పి, ఎవరైనా అడ్డుకునే లోపల నిప్పుల్లో వేసింది.

వీధి మొత్తం దగ్గింది. శేషయ్య కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు కట్టాయి. డబ్బాలో అంకె తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి చేరి, ఆపైన లెక్క లేక అక్కడే నిలబడిపోయింది.

"ఘాటు బాగా వచ్చింది. అంటే దిష్టి లేదు," అని అనసూయమ్మ తృప్తిగా కళ్లు తుడుచుకుంది.

శేషయ్య డబ్బా పట్టుకొని వీధిలోకి పరుగెత్తి, జేబులోంచి ఫోను తీశాడు. అందులో ప్రపంచంలోని ఊర్ల గాలి లెక్కలన్నీ ఉన్నాయి. "చూడు బావా, లాహోరు. ఇది ఢిల్లీ. వాటన్నిటికీ పైన ఈపొద్దు ఆళ్లగడ్డ!"

"మన ఊరు ఫస్టా బావా?" అన్నాడు మాధవయ్య, పాపం సంతోషంగానే.

"ఫస్టే! పిల్ల మా ఇంట్లోనే కంటుంది. ఇంక మాట్లాడేది ల్యా."

ఆ మాటతో గోవిందమ్మ గుండె కలుక్కుమంది. మడిచిపెట్టిన పాత చీరలు కళ్లలో మెదిలాయి. అయినా ఆమె ఏడుస్తూ కూర్చునే రకం కాదు. డబ్బాను వియ్యంకుడి చేతిలోంచి లాక్కుంది.

"ఆగన్నా. నా ఇల్లు నువ్వు చూసినావు. నీ ఇల్లు నేను చూడొద్దా? నా బిడ్డ ఉండేది ఆడనే కదా. పా!" అని ఆయనకంటే ముందే ఆయన కారెక్కి కూర్చుంది. మాధవయ్య వెనకసీట్లో ఒదిగాడు.

నంద్యాలలో శేషయ్య ఇంటి హాల్లో డబ్బా పెడితే అంకె నలభై దగ్గర చల్లగా ఆగింది. శేషయ్య మీసం దువ్వాడు. "ఇంటి లోపల సింగపూరే చెల్లెమ్మా. కూర్చోండి, ట్యాంకులో నీళ్లు చూసొస్తా," అని మేడ మీదికి పోయాడు.

జరిగింది విని దీక్షిత కడుపు పట్టుకొని నవ్వింది. "సాంబ్రాణి వేసినావామ్మా? అది పొగను, దుమ్మును పట్టుకునే మిషను. దేవుడి పొగైనా పొయ్యి పొగైనా దానికి ఒకటే!"

గోవిందమ్మ మొహం మాడిపోయింది. పొద్దున్నుంచీ తన కొంప తానే ముంచుకుందా? డబ్బా చేతికి తీసుకొని లేచింది. "చూసేది పూర్తిగా చూస్తా."

"చూడొదినా. నా ఇంట్లో మురికి కనపడితే నా పేరు మార్చు," అని వియ్యపురాలు మహానందమ్మ వెంట నడిచింది. వంటిల్లు బాగుంది. దేవుడి గది బాగుంది. పెరడు కూడా బాగానే ఉంది, ఏం చేస్తాం! గోవిందమ్మకు ఆశ జారిపోతుండగా మేడమెట్ల దగ్గర అంకె కదిలింది. ఎక్కేకొద్దీ అదీ ఎక్కింది. మేడ మీద అడుగు పెట్టగానే కుయ్‌కుయ్‌మంది.

నీళ్ల ట్యాంకు వెనక శేషయ్య చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీదుగా సన్నగా పొగ లేస్తోంది.

"యాగంటిలో స్వామి ముందర నా తల మీద చెయ్యిపెట్టి మానేసినానంటివే!" మహానందమ్మ కేకకు పక్క మేడల మీది జనం తొంగిచూశారు.

"ఇది... పక్కింటోళ్ల పొగే."

గోవిందమ్మ డబ్బాను నింపాదిగా ఆయన మూతి దగ్గరికి జరిపింది. "ఢిల్లీ దాటినావన్నా. ఫస్టే! అవునూ, ఆ సిగరెట్టు ముక్క కిందేస్తే సింగపూరులో జరిమానా ఎంత?"

మహానందమ్మ కిందికి దిగి కోడలి బట్టలు తన చేత్తోనే పెట్టెలో సర్దింది. "పొగ ఉండే ఇంట్లో కాన్పొద్దని నువ్వే అంటివి. పంపిస్తాండా," అంది వెనకే దిగొచ్చిన మొగుడితో.

"మా ఇంట్లో పొగ తలుపు తీస్తే పోతుంది లే వదినా," అంది గోవిందమ్మ, కూతురి చెయ్యి పట్టుకొని.

దీక్షితకు ఆళ్లగడ్డలోనే ఆడపిల్ల పుట్టింది. గాలి మిషనును మహానందమ్మ నీళ్ల ట్యాంకుకు కట్టేసింది. శేషయ్య ఇప్పుడు వారానికి రెండుసార్లు మనవరాలిని చూడ్డానికి వచ్చి, పిల్లను ఒకసారి ఎత్తుకొని, ఒక్కడే వీధి చివరి బడ్డీకొట్టుదాకా పోయి వస్తాడు. ఆళ్లగడ్డ గాలి లాంటిది సింగపూరులో కూడా లేదని అందరికీ చెబుతున్నాడు.