చైనా పద్ధతిలో సగం బుల్లెట్టు

చిలకలూరిపేట జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పే కరుణాకర్‌కి కోరికలు తక్కువ. ఉన్న ఒక్క కోరికా మెకానిక్ వాసిం షెడ్డులో స్టాండు వేసి ఉంది. సెకండ్ హ్యాండ్ బుల్లెట్టు, అరవై వేలు. దర్శిలో బావమరిది మార్క్ కొత్తింటి ప్రార్థనకి దాని మీద డుగుడుగుమంటూ దిగాలి. పదిహేనేళ్లుగా తన మోపెడ్‌ని చూసి "బావా, తొయ్యమంటావా?" అని అడుగుతున్న మార్క్ నోరు మూతపడాలి.

డబ్బు మాత్రం భార్య మహిమ దగ్గరుంది. పుట్టింటివాళ్లిచ్చిన ఎకరంలో మిర్చి అమ్మితే ఖర్చులు పోను లక్షా ఇరవై వేలు మిగిలింది.

ఆ వారం పాఠం గ్రీన్ బాండ్లు, అంటే పర్యావరణానికి మేలు చేసే పనుల కోసం తెచ్చే అప్పు పత్రాలు; వాటిలో అమెరికా చైనాల పోలిక. నెట్‌లోంచి కాగితాలు ప్రింటు తీయడం వరకే మాస్టారి పని. చదివి నోట్సు రాసిపెట్టేది మహిమ. ఆ నోట్సు తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. చైనాలో ఒకప్పుడు కొన్ని కంపెనీలు పర్యావరణం పేరుతో తెచ్చిన అప్పులో సగం దాకా సొంత అవసరాలకి వాడుకోవచ్చట! ఆనందం పట్టలేక పుస్తకం మూసేసి వంటింట్లోకి నడిచాడు.

"మహిమా, మన ఇల్లు గ్రీన్ బాండు విడుదల చేస్తోంది."

"ఇప్పటిదాకా ఈ ఇల్లు నీళ్లే విడుదల చేసింది. అదీ వానొస్తే, మంచం మీదకి."

"హాస్యం కాదు. డాబా మీద సోలార్ పలకలు పెడతాం. లక్షా ఇరవై నువ్వు పెట్టుబడి పెట్టు, ఏడు శాతం వడ్డీ ఇస్తా."

"పద్ధతి అమెరికాదా, చైనాదా?"

"అమెరికాలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి బాండ్ల జోలికే పోలేదు. ఊళ్లూ కంపెనీలూ ఎవరి దారిన వాళ్లు వేసుకుంటారు. చైనాలో పెద్దలే ముందుంటారు, సర్కారు బ్యాంకులూ సర్కారు కంపెనీలూ. మనది చైనా పద్ధతి."

"ఈ ఇంటికి పెద్దెవరో ఇంకా తేలలేదు కదండీ!" అంటూనే మహిమ ఒప్పేసుకుంది. తెల్లకాగితం మీద "చైనా నిబంధనలు వర్తించును" అని రాసి మరీ సంతకం పెట్టింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని తెలిస్తే పెళ్లైన కొత్తలోనే బాండు వేసేవాణ్ణనుకున్నాడు కరుణాకర్. సాయంత్రానికల్లా వాసిం చేతిలో ఐదు వేలు అడ్వాన్సు పెట్టాడు.

సోమవారం ఇంటికొచ్చేసరికి డాబా మీద పలకలు బిగిస్తున్నారు.

"డబ్బేదీ?" అన్నాడు.

"సోలారు వాళ్లకి కట్టేశాను."

"మొత్తమా? చైనా నిబంధన ప్రకారం సగం నా సొంత అవసరాలకి!"

"అది పాత నిబంధనండీ. దాన్ని మార్చి, నూటికి నూరూ పనికే పెట్టాలన్నారు. తర్వాతి పేజీలోనే రాశాను. పేజీ తిప్పలేదా?"

ఆయన సర్వీసులో పేజీ తిప్పిన సందర్భాలు తక్కువ.

ఇంతలో మహిమ నడిపే పొదుపు సంఘం ఆడవాళ్లు పన్నెండు మంది బిలబిలమంటూ వచ్చారు. "బయటివాళ్ల తనిఖీ ఉండాలని కూడా మీ పాఠంలోనే ఉంది," అంది మహిమ. వాళ్లు డాబా ఎక్కారు, దిగారు, గీజరు తిప్పారు, బల్బులు లెక్కబెట్టారు. వాళ్లలో రెబ్కా మాస్టారి మోపెడ్ దగ్గర ఆగి, "పర్యావరణం పేరు చెప్పి అప్పు తెచ్చిన మనిషి ఈ పొగబండి ఎక్కుతాడా?" అని నిలదీసింది.

సరిగ్గా అప్పుడే వీధి చివర డుగుడుగు మొదలైంది. నల్లటి పొగలోంచి ముందు బుల్లెట్టూ, తర్వాత వాసిమూ కనిపించారు.

"సార్, మీ బండి రెడీ!"

పన్నెండు తలకాయలు కరుణాకర్ వైపు తిరిగాయి.

"ఎవరి బండయ్యా?" అన్నాడు మాస్టారు, ఏమీ ఎరగనట్టు.

"అదేంటి సార్, మొన్న ఐదు వేలు అడ్వాన్సిచ్చి ముద్దు కూడా పెట్టుకున్నారుగా!"

కరుణాకర్‌కి చచ్చేంత సిగ్గేసింది. కోప్పడితే బాగుండేది, మహిమ కోప్పడలేదు. "అడ్వాన్సు వెనక్కివ్వక్కర్లేదులే వాసిం. ఆ డబ్బుకి మంచి సైకిలొకటి చూడు. ఈ మోపెడ్ నువ్వే కొనుక్కో, వచ్చిన డబ్బు నా వడ్డీ కింద జమేస్తాను," అంది. తీర్మానం రాశారు, పన్నెండు మందీ సంతకాలు చేశారు.

మర్నాడు హైవే మీద పత్తి లారీల పక్కన రొప్పుతూ తొక్కి, చెమటలు కక్కుతూ క్లాసుకొచ్చాడు మాస్టారు. పాఠమంతా అయ్యాక ముందు బెంచీలో శ్రీరమ్య లేచింది.

"ఇంతకీ అమెరికా పద్ధతి మంచిదా, చైనా పద్ధతి మంచిదా సార్?"

కరుణాకర్ పట్టేసిన పిక్క నొక్కుకున్నాడు.

"ఏదైనా మంచిదేనమ్మా, అప్పిచ్చినవాళ్లు మన ఇంట్లో లేకపోతే."