నాట్యం చెయ్యదగిన కప్పు

శనివారం పొద్దున ఓడ్వార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రొట్టె మీద బ్రౌన్ చీజు ముక్క పెట్టుకుని తినడం, కాఫీ తాగడం, సాయంత్రానికల్లా కొత్త చెక్కగదికి గోడల గుంజలు నిలబెట్టేయడం. కొండమీద వాళ్ల సెలవుల ఇంటి పక్కనే ఆ గది. భార్య గున్వోర్ అడిగింది ఒక్కటే: అల్లిక చేసుకుంటూ సరస్సు చూసేందుకు ఒక వెడల్పాటి కిటికీ. అది ముందే వచ్చి బిర్చి చెట్టుకి ఆనుకుని ఎదురుచూస్తోంది. అరవై సెంటీమీటర్లకొక గుంజ చొప్పున వేస్తే, రెండు గుంజల మధ్య సరిగ్గా ఇమిడిపోతుంది. గోడకి కొట్టే పలకలు మందమైనవి కనుక ఆ ఎడం చాలునని కలప అడితిలో కూడా చెప్పారు.

"పైన వాసాలు కూడా అరవైకేనా?" అంది గున్వోర్ కాఫీ పోస్తూ. "ఒకసారి ఐలిఫ్ వాళ్ల కప్పు చూసి వెయ్యకూడదూ? దానిమీద నాట్యం చెయ్యొచ్చు."

ఓడ్వార్ నోట్లో కాఫీ చేదెక్కింది. పోయిన చలికాలం మంచుకి ఓడ్వార్ కట్టెలకొట్టం కప్పు మోకాళ్ల మీద కూలబడింది. పక్కనే ఐలిఫ్ ఇంటి కప్పు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడింది. అప్పట్నించీ గున్వోర్ నోట ఈ నాట్యం మాటే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఓడ్వార్ కట్టిన దేనిమీదా ఆవిడ నాట్యం ఊసెత్తలేదు.

"వాడెంత ఎడంలో వేశాడో?"

"నన్నడిగితే? వెళ్లి అతన్నే అడుగు."

ఐలిఫ్‌ని అడగడమే! దానికన్నా మంచుకింద పడి చావడం నయం. ఓడ్వార్ ప్యాంటు జేబులోంచి పసుపుపచ్చ మడత కొలబద్ద తీసి కంచె దాటాడు. వాసాలు కూర్చునేది గుంజల మీదే. ఆ గుంజలు పలకల వెనక దాక్కుంటాయి కానీ మేకుల వరసలు దాక్కోలేవు కదా. ఐలిఫ్ ఇంటి గోడకి ముక్కు ఆనించి, వరసకీ వరసకీ మధ్య కొలవసాగాడు. అది పడగ్గది గోడ. కిటికీ తెరుచుకుంది.

"ఓడ్వార్! పొద్దున్నే ఇదేం పని?" అంది ఐలిఫ్ భార్య బూడిల్, దువ్వెన చేత్తోనే.

"వాతావరణం బాగుంది కదా!" అని, ఓడ్వార్ వాతావరణంలో కలిసిపోయాడు.

ఆ కొండమీద పక్కింటి గోడ కొలిచేవాడి ఉద్దేశం ఒక్కటే: సరిహద్దు తగాదా. బూడిల్ లోపలికెళ్లి మొగుడితో ఆ మాటే చెప్పింది.

ఇక్కడ ఓడ్వార్‌కి తేలింది కూడా అరవయ్యే. "అయితే మనం నలభై," అన్నాడు.

"మరి కిటికీ?" అంది గున్వోర్.

"నిలువుగా పెడదాం."

మధ్యాహ్నం ఐలిఫ్ తన మడతబద్దతో వచ్చి, సరిహద్దు రాయి నుంచి కొత్త గది దాకా మొహం గంటుపెట్టుకుని కొలిచాడు. ఓడ్వార్ గుండె భగ్గుమంది. తన ఎడాన్ని కాపీ కొడుతున్నాడు! మేకులు పీకి ముప్ఫైకి దిగాడు. ఐలిఫ్ మళ్లీ వచ్చాడు. ఓడ్వార్ ఇరవైకి దిగాడు. కలప అయిపోతే కంచె పీకాడు. కంచె అయిపోతే బల్ల విరిచాడు. ఆఖరి గుంజ లోపల నిలబడి కొట్టాడు. కొట్టాక చూసుకుంటే బయటికి దారి లేదు.

గున్వోర్ సందులోంచి కాఫీ కప్పు అందించింది. "బోను బాగా కుదిరింది. ఎలుగుబంటిని తెస్తావా, నువ్వే ఉంటావా?"

అప్పుడే ఐలిఫ్, బూడిల్ తగాదాకి సిద్ధమై వచ్చారు. "ఏమయ్యా ఓడ్వార్, నా గోడ నీ స్థలంలోకొచ్చిందా?"

"నీ గోడ ఎవడిక్కావాలి? నీ కప్పు ఎందుకు కూలలేదో చెప్పు ముందు!" అన్నాడు ఓడ్వార్ కటకటాల వెనకనించి.

"అదా! అది నా పనితనం," అన్నాడు ఐలిఫ్, కోపం మరిచిపోయి.

గున్వోర్ నిట్టూర్చింది. "మీరు స్పెయిన్‌లో ఎండ కాగుతున్న వారం కదూ? బూడిల్ ఫోన్ చేస్తే మీ కప్పెక్కి మంచు మొత్తం తోసింది నేను. నిలబడ్డాను కాబట్టే తెలుసు, నాట్యం చెయ్యొచ్చని."

ఐలిఫ్ బూడిల్ కేసి తిరిగాడు. "ఊరంతా చెప్పుకున్నానే! నాకెందుకు చెప్పలేదు?"

"అంత సంబరంగా చెప్పుకుంటుంటే నోరు రాలేదు."

"మరి మన కొట్టం?" అన్నాడు ఓడ్వార్ నీరసంగా. "దాన్నెందుకు వదిలేశావు?"

"ఎక్కబోయాను. నడుం పట్టేసి మంచంమీదున్న నువ్వే అరిచావు, 'నేను కట్టిన కప్పుకి పార అక్కర్లేదు' అని."

తరవాత ఐలిఫ్ వెళ్లి రంపం తెచ్చాడు. గుంజలు కోసి ఓడ్వార్‌ని బయటికి తీశారు. సరస్సు వైపు మరికొన్ని కోసి, పైన అడ్డదూలం వేసి, కిటికీ అడ్డంగానే పెట్టారు. గున్వోర్ దూలం మీద వేళ్లతో కొట్టి చూసింది.

"పరవాలేదు," అంది. "కప్పు వేశాక ఎక్కి చూస్తాను."

బూడిల్ మాత్రం చుట్టూ తిరిగి చూసి, మొగుడు వినేలా, "ఎంత దగ్గర దగ్గరగా వేశాడో! మనకీ ఉంది గోడ," అంది.

గోడలకి పలకలు పడ్డాక, ఒక పొద్దున గున్వోర్ అల్లిక పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. సరస్సు కనిపించలేదు. బయట గోడకి ముక్కు ఆనించి మేకుల వరసలు కొలుస్తున్న ఐలిఫ్ అడ్డంగా ఉన్నాడు.